గీత మీదే కత్తిరించండి

రైలు దిగి స్టేషను బయటికి రాగానే మాస్టారికి ముచ్చెమటలు పట్టాయి. ఎండ వల్ల కాదు, ఆ రోజు ఎండే లేదు. ఆరేళ్ళుగా ఫ్యాక్టరీలో ఈ ఊరి గురించి తను కోసిన కోతలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అవన్నీ విన్న మనిషి పక్కనే నిలబడి, బ్యాగు భుజానికి తగిలించుకుని, ఊరికేసి చూస్తోంది.

ఆవిడ ప్రొడక్షన్ మేనేజరు. వయసులో మాస్టారికంటే పదేళ్ళు చిన్న, అధికారంలో నాలుగు మెట్లు పైన. కుట్టుపనివాళ్ళు ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల మేనేజరమ్మ అంటారు. చెడ్డమనిషేం కాదు. కళ్ళతో చూసింది నమ్ముతుంది, చెవిన పడింది రాసుకుంటుంది, అక్కడితో సరి.

"ఇదేనా మాస్టారూ మీరు చెప్పిన మెయిన్ రోడ్డు?"

"ఇదే మేడమ్. అప్పట్లో కాస్త..."

అప్పట్లో కాస్త ఏమిటో ఆయనకే తెలియలేదు. రోడ్డుకి రెండువైపులా దించేసిన షట్టర్లే. సినిమా హాలు గోడకి పోస్టరు లేదు, పోస్టరు అంటించిన జిగురు మరకలున్నాయి. నూలు మిల్లు గేటుకి వేసిన తాళం మీద ఇంకో తాళం వేసి ఉంది, మొదటిదాన్ని కూడా ఎవరైనా ఎత్తుకుపోతారని భయం కాబోలు. మొత్తమ్మీద ఊరు చూస్తే, ఎవరో సగం కట్టి, టీ తాగొస్తామని వెళ్ళి, మళ్ళీ రానట్టుంది. వంతెన మీదికి వచ్చాక మేనేజరమ్మ ఆగి, పిట్టగోడ మీంచి కిందికి చూసింది. కింద గుర్రపుడెక్క, విరిగిన కుర్చీ ఒకటి, పచ్చటి నీళ్ళు చారెడు.

"నది ఉందన్నారు కదా, ఎటువైపు?"

"అదే మేడమ్," అన్నాడు మాస్టారు, కిందికి చూపించకుండా.

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది ఆయనకి.

పోనీ ఊరు ఎలా తగలడితేనేం, తాము వచ్చింది ఊరు చూడ్డానికి కాదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. కానీ వచ్చిన పని గుర్తొస్తే ఊరే నయమనిపించింది. మాస్టారు ఒక పెద్ద యూనిఫాం కంపెనీలో ప్యాటర్న్ మాస్టారు. అంటే ఒక కోటుకి ఎన్ని ముక్కలు కావాలో, ఏ ముక్క ఏ ఆకారంలో ఉండాలో అట్టల మీద గీసి ఇవ్వడం ఆయన పని. ఆ అట్టలు చిన్న చిన్న ఊళ్ళలో ఉన్న కుట్టు షెడ్లకి వెళ్తాయి. అక్కడివాళ్ళు గుడ్డ కత్తిరించి, కుట్టి పంపిస్తారు. ఈ ఊళ్ళో ఉన్న షెడ్డు ఆయన మేనమామది. చదువు అబ్బక గాలికి తిరుగుతున్న మేనల్లుణ్ణి పక్కన నిలబెట్టుకుని కత్తెర పట్టడం నేర్పింది ఆ మామయ్యే. ఊళ్ళో అందరికీ ఆయన కత్తెర మామయ్య. ఆయన మిషను తొక్కడు, గుండీ కుట్టడు. కత్తిరిస్తాడు, అంతే. నలభై ఏళ్ళుగా అదే.

ఆ షెడ్డు నుంచి ఆసుపత్రి కాపలావాళ్ళకని రెండువందల నలభై చలికోట్లు వచ్చాయి. ఒక్కటీ పట్టలేదు. వేసుకున్నవాడు చెయ్యెత్తితే చంక దగ్గర పిగిలిపోతోంది. కటింగు ఆ షెడ్డులో ఉంచాలా, తీసెయ్యాలా అన్నది తనే చూసి తేల్చేస్తానని మేనేజరమ్మ బయల్దేరింది. "మీ మామయ్య గీత లేకుండానే కోటు కత్తిరిస్తారని చెప్పారుగా, మీరూ రండి," అని మాస్టార్ని వెంటబెట్టుకొచ్చింది.

రేకుల షెడ్డు శుభ్రంగా ఊడ్చి ఉంది. ఆరు మిషన్లలో నాలుగే ఆడుతున్నాయి. నలుగురు ఆడవాళ్ళు తలవంచుకుని కుడుతున్నారు. మూల స్టూలు మీద అత్తయ్య గుండీలకి కాజాలు కుడుతోంది. మధ్యలో పొడుగాటి కటింగు బల్ల. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో టేపు వేసుకుని, గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"రండి మేడమ్, దయచేయండి. రండి మాస్టారు గారూ."

ఆ 'గారూ' మాస్టారికి గుచ్చుకుంది. చిన్నప్పటినుంచీ 'ఒరేయ్' అన్న నోరు అది. "బాగున్నావా మామయ్యా?" అన్నాడు.

మేనేజరమ్మకి కుశలప్రశ్నలమీద నమ్మకం లేదు. బ్యాగులోంచి ఒక కోటు తీసి, "మాస్టారూ, వేసుకోండి," అంది. "మీది సరిగ్గా ఈ సైజే."

వేసుకున్నాడు. వేసుకోవడం అనడం కంటే అందులో ఇరుక్కున్నాడు అనడం సబబు. భుజాలు వెనక్కి లాగేశాయి, చేతులు ముందుకి రాలేదు. కుట్టేవాళ్ళలో ఒకావిడ కిసుక్కుమని, వెంటనే నోరు నొక్కుకుంది.

"చూశారుగా," అంది మేనేజరమ్మ మామయ్యతో. "ఇదెలా జరిగింది? అట్ట తెప్పించండి, కొలుద్దాం."

మామయ్య కదల్లేదు. ఏదో చెప్పబోయి మేనల్లుడి కేసి చూశాడు. మాస్టారు తనే బల్ల కింద అరలోంచి వీపు ముక్క అట్ట లాగి, బల్ల మీద పరిచి, చేతులు ఎంతవరకు సాగితే అంతవరకు సాగదీసి టేపు పెట్టాడు. కుట్టాక కోటు వీపు ఇరవై రెండు అంగుళాలు ఉండాలి. అటు అరంగుళం, ఇటు అరంగుళం కుట్టులోకి పోతుంది గనక అట్ట ఇరవై మూడు ఉండాలి. టేపు ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది.

మళ్ళీ పెట్టాడు. ఇరవై రెండే. గీత తనది. పక్కన సంతకం తనది.

మొత్తం ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. మామయ్య పద్ధతిలో గీత అంటే అసలు కొలత. కుట్టులోకి పోయే అరంగుళాన్ని కత్తెరే గీతకి బయట చూసుకుంటూ పోవాలి. కంపెనీ పద్ధతి వేరు. ఆ అరంగుళం అట్టలోనే కలిపి ఉంటుంది, గీత మీద కత్తిరిస్తే చాలు. పాత అలవాటు పోక మామయ్య కిందటి ఆర్డరులో కంపెనీ అట్టలకి కూడా అరంగుళం కలిపేస్తే, కోట్లన్నీ వదులై, వేసుకున్నవాళ్ళు అన్నల కోట్లు వేసుకున్న తమ్ముళ్ళలా కనబడ్డారు. మాస్టారికి చివాట్లు పడ్డాయి. ఆ కోపంలో ఆయన ఎర్రసిరాతో ఉత్తరం రాశాడు: 'గీత మీదే కత్తిరించండి. సొంత తెలివి వాడొద్దు.' కత్తెర పట్టడం నేర్పినవాడికి రాసిన ఉత్తరం అది.

ఈసారి ఆఫీసులో అట్టలు గీసే యంత్రం పాడైంది. మాస్టారు ఇంట్లో భోజనాల బల్ల మీద చేత్తోనే గీశాడు. ఇది మామయ్యకి కదా అనుకుంటూ గీశాడు. మామయ్య నేర్పిన చెయ్యి మామయ్య నేర్పినట్టే గీసింది, అరంగుళం వదిలేసి. అట్ట అందిన రోజే మామయ్య ఫోను చేశాడు కూడా. "అల్లుడూ, ఇది మన పాత పద్ధతిలో ఉన్నట్టుందిరా, ఒక్కసారి..." "మీటింగులో ఉన్నాను మామయ్యా. గీత మీదే కత్తిరించు, అంతే," అని పెట్టేశాడు. మీటింగూ లేదు, పాడూ లేదు. క్యాంటీన్లో టీ తాగుతున్నాడు.

ఇప్పుడు చెప్పాలి. 'మేడమ్, తప్పు నాది.' మూడు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి. వస్తూ వస్తూ తన గది, బల్ల, పేరు రాసిన తలుపు, నెల కిందట ఇంకో ప్యాటర్న్ మాస్టార్ని ఇలాంటి తప్పుకే సాగనంపిన సంగతి, అన్నీ గుర్తుచేశాయి. టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఏమైంది మాస్టారూ? అట్ట సరిగ్గానే ఉందా?"

మామయ్య ముందుకొచ్చాడు. అట్టని మెల్లగా చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"అట్టదేం లేదు మేడమ్, అట్ట భేషుగ్గా ఉంది. నా వల్లే. చూపు ఆనడం లేదీ మధ్య. గీత మీద పోవాల్సింది లోపలికి పోయింది కత్తెర. మాస్టారు గారు ముందే మరీమరీ రాశారు, గీత మీదే అని. నేనే..." అని చేతులు కట్టుకున్నాడు.

మేనేజరమ్మ మాస్టారి కేసి చూసింది. "అంతేనా?"

మాస్టారు బల్ల కేసి చూస్తూ తల ఊపాడు. అవునని ఊపాడో కాదని ఊపాడో తెలియకుండా ఊపుదామనుకున్నాడు. కానీ తల అవుననే ఊగింది. సిగ్గు చెవులదాకా పాకింది. కోటు మరింత బిగిసినట్టయింది. మూలన అత్తయ్య సూది ఆగిపోయింది. నాలుగు మిషన్లూ ఆగిపోయాయి.

మేనేజరమ్మ పుస్తకంలో రాసుకుంది. గొంతు పెంచలేదు, మర్యాదగానే చెప్పింది. ఇకనుంచి కటింగు ఇక్కడ వద్దు. కత్తిరించిన ముక్కలు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. వీళ్ళు కుడితే చాలు. "మీరు పెద్దవారు, కళ్ళకి శ్రమ పెట్టుకోకండి," అంది. నిజంగానే జాలిపడి అంది.

"అలాగేనండి," అన్నాడు మామయ్య. "ఆ పెద్ద బల్ల తీసేస్తే ఇంకో రెండు మిషన్లు పడతాయి కూడాను."

రోడ్డు మీదికొచ్చి పది అడుగులు వేశాక మేనేజరమ్మ ఆగింది. "మాస్టారూ, ఆ కోటు విప్పరా?"

అప్పుడు చూసుకున్నాడు. వెనక్కి పరుగెత్తాడు. కోటు తనంతట తను విప్పుకోలేకపోయాడు. మామయ్య వెనక నిలబడి, ఒక్కో చెయ్యీ పట్టుకుని, పసివాడికి విప్పినట్టు విప్పాడు.

"మామయ్యా, అది నా..."

"ఊరుకోరా. నాకు డెబ్బై దాటాయి. ఇవాళ కాకపోతే రేపైనా కత్తెర కింద పెట్టేవాణ్ణేగా. నీకు ఇంకా పదిహేనేళ్ళ సర్వీసుంది. పిల్లల చదువులున్నాయి." మామయ్య గొంతులో ఇప్పుడు గారూ లేదు, పాత 'రా' వచ్చేసింది. "ఏం, బాగానే చెప్పానా? మేడమ్ నమ్మిందిగా?"

అత్తయ్య లేచి వచ్చింది. ఆవిడ ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే మాస్టారికి తేలిగ్గా ఉండేది.

"నలభై ఏళ్ళలో ఆయన కత్తెర తప్పిందని ఒక్కడనలేదురా. గిట్టనివాళ్ళు కూడా అనలేదు. ఇవాళ ఆయన నోటితో ఆయన చేతే అనిపించావు."

"రైల్లో చెప్పేస్తాను అత్తయ్యా. మేడమ్‌కి అంతా చెప్పేస్తాను. ఒట్టు."

"నువ్వేం చెప్పక్కర్లేదు," అన్నాడు మామయ్య.

"చెప్పనివ్వండి," అంది అత్తయ్య. "చెప్తానంటున్నాడుగా, చెప్పనివ్వండి."

రైలు ఖాళీగానే ఉంది. ఎదురెదురు సీట్లలో కూర్చున్నారు. కదిలి స్టేషను దాటేదాకా ఆగుదామనుకున్నాడు మాస్టారు. దాటింది. మిల్లు గోడ అయిపోయేదాకా ఆగుదామనుకున్నాడు. అదీ అయిపోయింది. గొంతు సవరించుకుని, "మేడమ్, ఒక్క మాట," అన్నాడు.

"నేనూ ఒక మాట చెప్పాలి," అంది మేనేజరమ్మ, కిటికీలోంచి ముఖం తిప్పి. "పొద్దున్నే మిమ్మల్ని అనుమానించాను. సొంత మామయ్య కదా, ఏదో సర్దేసి వెనకేసుకొస్తారనుకున్నాను. మీరు ఒక్క మాట అడ్డం రాలేదు. ఎంత కష్టంగా ఉండి ఉంటుందో నాకు తెలుసు, మీ ముఖం చూశాను. ఇకమీదట అన్ని షెడ్ల కటింగూ మీ కిందే పెట్టమని రాస్తున్నాను. మీలాంటి మనిషే కావాలి దానికి. ఇంతకీ మీరేదో అనబోయారు?"

ముందు ఏమీ అనకూడదనుకున్నాడు. ఏమీ అనకపోయినా కొంత పరువు మిగిలేది. కానీ నోరు దానంతటదే పనికొచ్చే మాట వెతుక్కుంది.

"థాంక్స్ మేడమ్," అన్నాడు. "అదే చెప్దామని."

జేబులో ఫోను మోగింది. మామయ్య.

"ఎక్కారా అల్లుడూ? సీటు దొరికిందా?"

"దొరికింది మామయ్యా."

వెనకనుంచి అత్తయ్య గొంతు స్పష్టంగా వినబడింది. "చెప్పాడా లేదా అడగండి."

మాస్టారు ఎదురుగా ఉన్న మనిషిని చూశాడు. ఆవిడ పుస్తకం తెరిచి రాసుకుంటోంది. ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. మామయ్య అడగలేదు. అల్లుడి ఊపిరి కాసేపు విన్నాడు, అంతే. తరవాత ముఖం అటు తిప్పి అత్తయ్యతో చెప్పాడు.

"చెప్పేశాడట. మొత్తం చెప్పేశాడట. ఆవిడ పాపం ఏమీ అనలేదట."

ఫోను కట్టయింది. అయినా మాస్టారు దాన్ని చెవి దగ్గరనుంచి తియ్యలేదు. తీస్తే మాట్లాడాల్సి వస్తుంది.

"ఊళ్ళో అంతా బాగానే ఉన్నారా?" అంది మేనేజరమ్మ, రాస్తూనే.

"బాగానే ఉన్నారు మేడమ్," అన్నాడు.