ఎర్రచుక్క, కుంకుమబొట్టు

నేను ఒక స్పీకరును. నాకంటూ సొంత మాట లేదు. వైరులో ఏది వస్తే అది వాగడమే నా పని. కళ్లెదుట తప్పు జరుగుతున్నా ఇదిగో ఇక్కడ అని చెప్పలేను. ఇంత పెద్ద నోరుండి ఏం లాభం! ఈ ఉక్రోషంతోనే నా బతుకు సగం గడిచింది.

నన్నూ నా జోడీనీ ఒకే పెట్టెలో పెట్టి కొట్టుకు పంపారు. మా ముఖాన ఉండే కాగితం ముందుకూ వెనక్కూ కదిలితేనే మోత పుడుతుంది. మా వీపున చెరి రెండు రేకు నాలుకలుంటాయి. వాటిలో ఒకదాని పక్కన చిన్న ఎర్రచుక్క. ఎర్ర వైరు అక్కడ, నల్ల వైరు రెండోదానికి తగిలించాలి. ఒకరికి సరిగ్గా, ఇంకొకరికి తారుమారుగా తగిలించారా, నేను ముందుకు తోస్తే వాడు వెనక్కు గుంజుతాడు. మాటలూ సన్నాయీ వినిపిస్తూనే ఉంటాయి గాని, డోలులాంటి బరువైన మోతను మాలో మేమే మింగేస్తాం.

మమ్మల్ని కొన్నది బొబ్బిలిలో టాక్సీ నడిపే ఆసిరయ్య. వెనక సీటు మీది చెక్కకు బిగించి, పెళ్లివాళ్లను తిప్పినంత కాలం చెవులు చిల్లులు పడేలా వాయించాడు. మంచివాడే, భక్తి కాస్త ఎక్కువ. ప్రతి దసరాకూ డిక్కీ తెరిచి జాకీకి, పానాకు, చివరికి మా వీపులకూ నూనెలో కలిపిన కుంకుమతో బొట్లు పెట్టేవాడు. ఒక ఏడాది నా బొట్టు గురి తప్పి, చుక్క లేని నాలుక పక్కన పడింది. అసలు చుక్కను అప్పటికే జిడ్డు కప్పేసింది. వైర్లు ఎవరూ కదపలేదు గనుక అప్పుడు కొంపేమీ మునగలేదు.

టాక్సీ అమ్మేసినప్పుడు మమ్మల్ని ఊడదీసి తన బావ పైడయ్య ఇంటికి తెచ్చాడు. పైడయ్య పేరున్న డోలు వాద్యగాడు. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది. సన్నాయి మేళంవాళ్లు ఆయన చోట కూతురు నూకరత్నాన్ని కూర్చోమన్నారు. కార్తీకంలో జరిగే పెళ్లి ఆమెకు మొదటి మేళం. కుడి పక్క వేళ్లతో పలికించడం ఆమెకు పట్టుబడింది. ఎడమ పక్క పుల్లతో కొట్టే దెబ్బ తండ్రి చేసి చూపించలేడు. ఎప్పుడో ఒక పెళ్లిలో ఎవరో రికార్డు చేసిన ఆయన క్యాసెట్ ఒక్కటే ఆధారం. అది విని నేర్చుకుంటుందనే ఆసిరయ్య టేప్ రికార్డరుతో సహా మమ్మల్ని మోసుకొచ్చి, తానే వైర్లు తగిలించాడు. నా వీపున ఎర్రగా కనబడిందే ఎర్రచుక్క అనుకున్నాడు. తను పెట్టిన బొట్టు తనకే గుర్తు లేదు.

క్యాసెట్ తిరిగింది. సన్నాయి హాయిగా పలికింది. డోలు కుడి పక్క టకటకలాడింది. ఎడమ పక్క మాత్రం పక్క వీధిలో ఎవరో చాప దులుపుతున్నట్టు వినబడింది. పైడయ్య ముఖం చూడలేకపోయాను.

అక్కణ్నుంచి మొదలైంది వైద్యం. ఆసిరయ్య టేపు హెడ్డును స్పిరిట్ దూదితో తుడిచాడు. వాల్యూమ్ పెంచితే సన్నాయి చెవులు కోసింది. కొత్త వైరు వేశాడు, మళ్లీ అదే తప్పుతో. కుండల్లో పెడితే మోత వస్తుందని పక్కింటావిడ రెండు కుండలిచ్చింది. వాటిలో కూర్చుని కూడా మేం ఒకరినొకరం గుంజుకుంటూనే ఉన్నాం. టేపు అరిగిపోయిందని వీధివాళ్లు తేల్చేశారు. పైడయ్య ఒప్పుకోలేదు.

"టేపు కాదురా ఆసిరీ. నా ఎడం చెయ్యే అంత. ఇన్నాళ్లూ మొహమాటానికి మెచ్చుకున్నారు జనం."

ఆనాటి నుంచి కూతురికి పాఠం చెప్పడం మానేశాడు. ఇంకెవరినైనా చూసుకోమని మేళంవాళ్లకు కబురు పెట్టమన్నాడు. నూకరత్నం పెట్టలేదు. పుల్ల పట్టుకుని మా ముందే కూర్చునేది. నేనెంత కొట్టుకున్నానో నాకే తెలుసు. నా వీపు చూడవే తల్లీ అని అరవాలనిపించేది. నోటికి వచ్చేది సన్నాయి.

ఒక సాయంత్రం కుండ జరుపుతుంటే నా జోడీ వైరు ఊడింది. వాడు మూగపోయాడు. అడ్డు తొలగగానే నేనొక్కణ్నే డోలును నిండుగా పలికించాను. మంచం మీద పైడయ్య తల ఎత్తాడు. అంతలోనే ఆసిరయ్య అయ్యో ఊడిందే అంటూ వైరు తగిలించి, ఆ దెబ్బను మళ్లీ చంపాడు. చేతులుంటే అతని చెవి మెలిపెట్టేవాణ్ని.

కానీ నూకరత్నం విన్నది.

"మావయ్యా, ఒకటే పలికితే దెబ్బుంది. రెండూ పలికితే పోతంది. ఈ రెంటికీ ఎక్కడో పడతన్నట్టు లేదు."

అతను నవ్వేసి వెళ్లిపోయాడు. ఆమెను ఆ మాట వదల్లేదు.

దసరా వచ్చింది. ఆ ఇంట్లో డోలుతో పాటు మాకూ పూజే. కొత్త బొట్టుకు ముందు పాతది తడిగుడ్డతో తుడవడం వాళ్ల అలవాటు. నూకరత్నం నా వీపు తుడిచింది. ఇన్నాళ్లూ ఎర్రచుక్కగా చెలామణీ అయిన కుంకుమ కాస్తా గుడ్డకు వచ్చేసింది. జిడ్డు వదిలిన రెండో నాలుక పక్కన అసలు చుక్క బయటపడింది. ఆమె నా జోడీని తిప్పి చూసింది. మళ్లీ నన్ను చూసింది. నా వైర్లు రెండూ అటుదిటు మార్చి క్యాసెట్ పెట్టింది.

మొదటి దెబ్బకే గూట్లో గిన్నెలు గల్లుమన్నాయి. పూజకు వచ్చిన ఆసిరయ్య నాలుక కరుచుకున్నాడు. పైడయ్య పడిపోయిన చేతిని కుడిచేత్తో ఒళ్లోకి తీసుకుని, చంటిపిల్లను నిమిరినట్టు నిమిరాడు. వింటున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ అప్పుడు నా నోట్లో డోలు ఉంది. చివరికి ఆయన కూతురి వైపు తిరిగాడు.

"అది ఆపీయే. డోలు తియ్యి. పుల్ల అలగ పట్టకూడదు."

కార్తీకంలో ఆ పెళ్లికి నూకరత్నమే కూర్చుంది. మమ్మల్నెవరూ పిలవలేదు, వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఇప్పుడు అటక మీద, వైర్లు లేకుండా, మేమిద్దరం పక్కపక్కనే పడి ఉన్నాం. కింద ఆమె సాధనకు కూర్చుని ఎడమ పక్క దెబ్బ వేసినప్పుడల్లా, ఎవరూ తగిలించకుండానే నా ముఖాన కాగితం అదురుతుంది. వాడిదీ అదురుతుంది. ఇద్దరిదీ ఒకేసారి, ఒకే వైపుకు.