దర్మాజీ మాస్టారి పంచాంగం

వికాన్ శనివారం సాయంత్రం తన ఆఫీసు కంప్యూటర్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వెర్షన్ మార్చేశాడు. అవసరమేమీ లేదు. ఆ మధ్యాహ్నం కాలేజీ స్నేహితులంతా కలిసినప్పుడు, ఒక్కొక్కరూ తమ ఆఫీసులో 3.13 నడుస్తోందని చెప్పుకున్నారు. వికాన్ ఆఫీసులో నడిచేది దానికంటే అయిదేళ్లు పాతదైన 3.8. ఆ సంగతి పైకి పొక్కకుండా పుల్లకి గుచ్చి కాల్చిన మేకమాంసం నములుతూ కూర్చుని, అట్నుంచి అటే ఆఫీసుకెళ్లి మార్చి, గ్రూపులో ఫొటో పెట్టాడు. నలభై ఇద్దరు మెచ్చుకున్నారు.

సోమవారం పొద్దున్న లారస్ వచ్చేసరికి తెర నిండా ఎర్ర అక్షరాలున్నాయి. ఇండోనేసియాలో జావా దీవి మీది జోగ్జాలో ఉన్న ఆ చిన్న ఆఫీసులో కోడ్ రాసేది ఆమె ఒక్కతే. వాళ్లు అమ్మేది పెళ్లి మండపాలకి తేదీలు చూసిపెట్టే సాఫ్ట్‌వేర్. అందులో అన్నిటికంటే పెద్ద మండపం యజమానురాలు సులాస్మి అమ్మ దగ్గర్నుంచి ఫోన్లో సందేశం వచ్చి ఉంది.

"లారస్ తల్లీ, బాగున్నావా. మాకే వాడటం చేతకావట్లేదేమో, తేదీల పేజీ కొంచెం సిగ్గుపడుతున్నట్టుంది. మూడింటి అసర్ నమాజు అయ్యాక రెండు కుటుంబాలవాళ్లు తేదీ ఖాయం చేసుకోడానికి వస్తున్నారు. నువ్వేం కంగారుపడకు. మా పాత నోటుపుస్తకం బీరువాలోనే ఉంది."

ఏదీ నేరుగా చెప్పని జోగ్జాలో పుట్టిన మనిషి కాబట్టి లారస్‌కి అర్థమైంది. ఏదీ పనిచేయడం లేదు, మూడింటిలోపు బాగుపడకపోతే మాకూ మీకూ చెల్లు అని ఆవిడ చెబుతోంది. ఆవిడ వెళ్తే ఇద్దరు చెల్లెళ్ల మండపాలూ, వియ్యపురాలి మండపమూ వెనకే వెళ్తాయి. ఆ తర్వాత ఆఫీసులో మిగిలేది 3.13 ఒక్కటే.

"అన్నా, ఇవాళ్టికి పాతదానికే వెనక్కి వెళ్దామా?" అని అడిగింది.

"వెళ్లొచ్చులే," అన్నాడు వికాన్. "కాకపోతే గ్రూపులో పెట్టేశాను కదా."

వాళ్ల సాఫ్ట్‌వేర్ పదకొండు లైబ్రరీల మీద ఆధారపడి ఉంది. అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్‌ని తెచ్చి వాడుకోవడం. పదింటికి కొత్త వెర్షన్‌కి సరిపడేవి దొరికాయి. పదకొండోది జావా వాళ్ల జాతకమైన వెతోన్‌ని లెక్కకట్టే లైబ్రరీ. పుట్టిన వారాన్నీ, అయిదురోజుల సంతవారాన్నీ కలిపి పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ పొసుగుతుందో లేదో చెబుతుంది. అది రాసింది వికాన్ బాబాయి, రిటైరైన లెక్కల మాస్టారు దర్మాజీ. ఆయన వాడిన పాత భాగమొకటి కొత్త పైథాన్‌లో తీసేశారు. తీసేస్తామని రెండేళ్లుగా రోజూ పొద్దున్నే హెచ్చరిక వస్తూనే ఉంది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు వికాన్.

"మీ బాబాయిగారు రాసింది కదన్నా. తప్పు పట్టినట్టుంటుందని ఊరుకున్నా."

"మంచి పని చేశావు. నాకూ కనిపించింది. నేనూ అందుకే ఊరుకున్నా."

లారస్ ఆ లైబ్రరీని పక్కన పెట్టి, సురబాయా కుర్రాడెవరో ఇంటర్నెట్లో ఉంచిన దాన్ని తెచ్చి తగిలించింది. పదకొండున్నరకి ఎర్ర అక్షరాలు పోయాయి. పావుగంటలో మళ్లీ సులాస్మి అమ్మ సందేశం.

"చాలా బాగుంది తల్లీ, ఎంత వేగమో. మా కోడలు గురువారం పుట్టిందని ఇవాళే తెలిసింది. ఇన్నేళ్లుగా శుక్రవారం అనుకుంటున్నాం. మాదే పొరపాటు అయ్యుంటుంది."

కోడలు పుట్టింది గురువారం రాత్రి ఏడింటికి. జావా లెక్కలో పొద్దు గూకితే కొత్త రోజు వచ్చినట్టే. సురబాయా కుర్రాడు మాత్రం అర్ధరాత్రి దాకా ఆగాడు. దాంతో సాయంత్రాలు పుట్టిన వాళ్లందరి జాతకాలూ ఒక రోజు వెనక్కి జరిగాయి.

ఇక తప్పదని లారస్ ఒక పెట్టె బక్పియాలు, అంటే పెసరపూర్ణం బిళ్లలు, కొని దర్మాజీ మాస్టారి ఇంటికి వెళ్లింది. ఆయన లుంగీలో కూర్చుని పంజరంలో గువ్వకి గింజలు వేస్తున్నారు. టీ ఇచ్చారు. లారస్ వాళ్లమ్మ మోకాళ్ల గురించి అడిగారు. తర్వాత వానల గురించి మాట్లాడుకున్నారు. వచ్చిన పని వెంటనే చెప్పడం మర్యాద కాదు కాబట్టి పనసకాయ కూర గురించి కూడా మాట్లాడుకున్నారు. గోడగడియారం ఒకటిన్నర కొట్టింది.

"మాస్టారూ, మీ పంచాంగం చాలా గొప్పదండీ," అంది లారస్. "మా కంప్యూటరే దాని స్థాయికి సరితూగట్లేదేమో."

"కొత్త వెర్షన్ పెట్టారా?"

"అవునండీ."

మాస్టారు లోపలికెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చారు. సరిచేసిన ఫైలు అందులో సిద్ధంగా ఉంది. తారీఖు చూస్తే రెండేళ్ల కిందటిది.

"మారింది ఏడు లైన్లేనమ్మా. పోయిన నెల 3.14 మీద కూడా నడిపి చూశా."

"మరి మాకు పంపలేదేం మాస్టారూ?"

"మీరు అడక్కుండా ఎలా పంపుతాను? అబ్బాయి ఆఫీసులో వేలు పెట్టినట్టుంటుంది. రోజూ అనుకునేవాణ్ణి, ఇవాళైనా ఎవరో ఒకరు వస్తారని."

లారస్‌కి నవ్వొచ్చింది. నవ్వితే బాగోదని బక్పియా నోట్లో పెట్టుకుంది. మాస్టారు కూడా ఒకటి తీసుకున్నారు. ఆయనదీ అదే ఇబ్బందిలా ఉంది.

రెండున్నరకి మాస్టారి ఫైలు దాని చోట్లోకి వెళ్లి కూర్చుంది. కోడలు మళ్లీ శుక్రవారం పుట్టింది. మూడున్నరకి వచ్చిన సందేశాన్ని లారస్ వికాన్‌కి చదివి వినిపించింది.

"రెండు కుటుంబాలకీ తేదీలు ఇచ్చేశాం తల్లీ. ఈసారి మార్చేటప్పుడు, మీకు వీలైతేనే సుమా, పెళ్లిళ్లన్నీ అయ్యాక మార్చండి."

వికాన్ మొహం వాడిపోయింది. "తిట్టినట్టేగా?"

"బాగా తిట్టింది అన్నా," అంది లారస్ సంతోషంగా. "పెళ్లిళ్లన్నీ అయ్యేదాకా ఎక్కడికీ వెళ్లదు."