గుమ్మడిదల చేలో ఎర్రలైటు

మూడు రాత్రులుగా నిస్సీ టెలిస్కోపు తెచ్చుకుని, గుమ్మడిదల దగ్గర రైతు ఐలన్న కోసేసిన కందిచేలో కూర్చుంటోంది. ఆమె పోతిరెడ్డిపల్లిలో సైన్సు టీచరు. కెమెరాకు పట్టాలనుకున్నది మిథునరాశిలోని గ్రహ నీహారికను. చచ్చిపోతున్న నక్షత్రం వదిలిన వాయువు అది, కంటికి ఆననంత మసక. ఐదేసి నిమిషాల ఫొటోలు వందకు పైగా తీసి కలిపితే గాని బయటపడదు. కళ్లు చీకటికి అలవాటుపడి ఉండాలని తలకు ఎర్రలైటే కట్టుకుంది.

ఆ రాత్రి పదకొండో ఫొటో నడుస్తుండగా గట్టు అవతల చెప్పుల చప్పుడైంది. నలుగురు మగవాళ్లు. ముగ్గురి చేతుల్లో కట్టెలు.

"ఎవరి మీద చేస్తున్నవే బాణామతి?" ముందున్న ముసలాయన అరిచాడు.

తనది చేతబడి అనుకుంటున్నారని అర్థమై నిస్సీ లేచి నిలబడింది. "నేను టీచర్‌ను తాతా. ఆకాశం ఫొటో తీస్తున్న. ఐలన్నను అడిగే వచ్చిన."

"మూడు దినాలసంది నా మనుమరాలికి జెరం దిగుతలేదు. మూడు దినాలసందే గీడ ఎర్రగ వెలుగుతున్నది. ఏది, సూపియ్యి ఫొటో!"

ఆమె లాప్‌టాప్ తిప్పింది. నల్లటి తెర, నాలుగు చుక్కలు. ఒక్క ఫొటోలో నీహారిక ఎలా కనిపిస్తుంది?

"ఏం లేదు గదా!" ఒకడు స్టాండును కట్టెతో పొడిచాడు.

ఆమె కెమెరా ఊడదీసి, కంటితో చూసే కటకం బిగించి, టెలిస్కోపును గురుగ్రహం వైపు తిప్పింది. "ఒక్కసారి సూడు తాతా."

"దగ్గరికి పోకు కొమురయ్యా!" అన్నారెవరో. ముసలాయన వంగాడు. చాలాసేపు లేవలేదు. నిస్సీ మాత్రం వెనకవాడి చేతిలోని కట్టెనే చూస్తోంది.

"గీ చారలేంది?" కొమురయ్య గొంతు తగ్గింది.

"గురుగ్రహం మీది మబ్బులు తాతా. పిల్లను నా కార్ల సంగారెడ్డి దవాఖానకు తీస్కపోదాం పా. జల్దీ."

సామాను సర్దే వ్యవధి లేదు; టెలిస్కోపును చేలోనే వదిలి, ఊళ్లోకి వెళ్లి పిల్లను ఎక్కించుకున్నారు. వెనక సీట్లో తాత ఒళ్లో పిల్ల కాలిపోతోంది. పక్కన కట్టె పట్టుకున్నవాడు కూర్చున్నాడు. దారి పొడుగునా నిస్సీ ఆ చిన్న ఊపిరినే వింటూ నడిపింది. అది ఆగితే తన గతేమిటో ఆమెకు తెలుసు.

దవాఖానలో డెంగీ అన్నారు. సెలైన్ పెట్టారు. తెల్లవారేసరికి పిల్ల నీళ్లడిగింది.

"నేన్ నమ్మిన బిడ్డా," అన్నాడు కొమురయ్య. "అందరు నమ్మరు. ఇగ రాకు."

పొద్దున ఐలన్నను తోడు తీసుకుని చేనుకు వెళ్లింది. టెలిస్కోపు పెట్టినచోటే ఉంది, ఎవరూ ముట్టలేదు. కాకపోతే దాని చుట్టూ కోసిన నిమ్మకాయలు, కుంకుమ చల్లిన బియ్యం పోసి ఉన్నాయి.

ఐలన్న ఆ బియ్యం దాటడానికి జంకి అక్కడే ఆగిపోయాడు. "నువ్వే తీస్కో టీచరమ్మా," అన్నాడు.