నలభయ్యో సెకను

కూర్మయ్య రెండో స్పీకరు బాక్సును భుజానికెత్తుకుని, ఇసుకలో కాలు కూరుకుపోకుండా అడుగు చూసి వేస్తున్నాడు. అరవై రెండేళ్ల భుజం. మోసిన వైపు ఎముక కిందికి దిగిపోయింది. నిలబడితే చొక్కా ఒక పక్కకు జారుతుంది. ఎడమ చెవి పోయింది. మిగిలిన చెవితోనే రెండు జిల్లాల పెళ్లిళ్లకు మోత సరిచేస్తాడు.

కళింగపట్నంలో పగటి పెళ్లి. వైర్లు బిగించి, పెన్‌డ్రైవ్ గుచ్చి, టెస్టింగ్ పాట వేశాడు. ముప్పై ఏళ్లుగా అదే పాట. ఇనుమును ఇనుముతో కోసినట్టు గిటారు మోత, నలభై సెకన్లు. నలభయ్యో సెకనులో కూర్మయ్య వేలు దాన్ని ఆపేస్తుంది. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఎన్ని వేలమంది విన్నారో ఆ నలభై సెకన్లు! అదేం పాటని అడిగినవాడు ఒక్కడు లేడు. కరెంటు చూసుకుంటున్నాడనుకున్నారు.

ఆ గిటారు కూర్మయ్యదే.

తొంభై ఒకటిలో గజపతినగరంలో ముగ్గురు కుర్రాళ్లు ‘రాహు హెవీ మెటల్ బ్యాండ్’ అని బోర్డు రాయించారు. గిటారు కూర్మయ్య, గొంతు ఉమాశంకర్, డ్రమ్ములు ఈశ్వర్. అమృతం కోసం దేవతల బంతిలో కూర్చున్నందుకు తల తెగిన రాహువు మీద పాట కట్టారు. తప్పు రాహువుది కాదు, బంతులు విడదీసినవాడిది అని పాట. విశాఖ వెళ్లి క్యాసెట్టు చేయించుకున్నారు. ఊరికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ లేదు. మెటల్ అంటే ఇత్తడి అనుకుని, పెద్ద బాకాల మేళమనుకుని, ఒక పెళ్లివారు ఊరేగింపుకు పిలిచారు. నలభై సెకన్లు ఓర్చుకున్నారు. ఉమాశంకర్ నోరు తెరిచి “రాహూ” అనగానే పెళ్లికొడుకు మేనమామ వైర్లు పీకేశాడు. శుభమా అని పెళ్లి చేస్తుంటే రాహువును పిలుస్తారా అని డ్రమ్ములను కాలువలోకి తోశారు. తొలి కచేరీ అదే, కడపటిదీ అదే. ఉమాశంకర్ తాగి తాగి పోయాడు. ఈశ్వర్ అత్తవారి ఊరు కళింగపట్నం చేరి ఎండుచేపలు అమ్ముకున్నాడు. కూర్మయ్య బాక్సులు మోశాడు.

ఆ పాటలో డ్రమ్ములు రాహువు పేరు తరవాతే మొదలవుతాయి. అందుకే ఈశ్వర్ వాయింపు ఏ బాక్సులోంచీ బయటికి రాలేదు.

ఇవాళ ఈశ్వర్ షామియానా వెనక కుర్చీలో కూర్చున్నాడు. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్న మనిషి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పెళ్లివారు పిలవలేదు, బాక్సులు వచ్చాయని విని వచ్చాడు.

“ఒరే కూర్మీ, ఎప్పుడు సూసినా నీ గిటారేనేట్రా? నాదేదిరా?”

“ఈయాల ఆరు నిమసాలూ ఏస్తాను. ఎవుడడ్డొస్తాడో సూస్తాను.”

“ఓపాలి ఇనిపించీరా. ఇన్నాక పోనా పరవాలేదు.”

కూర్మయ్య పాటను మొదటి నుంచి పెట్టాడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. ఎవరూ అరవలేదు, ఎవరూ ఇటు చూడను కూడా చూడలేదు. పాట ఆగిపోయింది.

ఆపింది తన వేలే.

ఈశ్వర్ నవ్వు దగ్గులోకి తిరిగింది. “ఎవులూ తిట్టకముందే ఆపీనావేట్రా!”

“సెయ్యి అలాగెల్లిపోనాదిరా...”

“దానికి సిగ్గుండాలి.”

మళ్లీ పెట్టబోతుంటే పెళ్లికూతురి నాయనమ్మ దాలమ్మ వచ్చి పడింది. “ఒరే మైకోడా, ఆ గిర్రుగిర్రు ఏటిరా? పంతులొచ్చీసినాడు, సన్నాయి ఎయ్యి!”

సన్నాయి వేశాడు. వేయక చస్తాడా? “బోజనాలయ్యాక ఏస్తాను, ఉంటావా?” అన్నాడు ఈశ్వర్‌తో.

“ఎక్కడికెల్తాను? ఎల్లేది ఒక్కసోటికే. అక్కడినుండి ఇంకా పిలుపు రాలేదు.”

తాళి పడింది. దారికడ్డంగా ఉన్న బండి తీయమని మైకులో చెప్పడం, బంతులు లేవడం, ఇంకో పాట కావాలని పిల్లల గోల. రెండున్నరకు ఆఖరి బంతి లేచింది. కూర్మయ్య ఆ పాట దగ్గరికొచ్చి వెనక్కి తిరిగి “కాసుకో ఈశ్వరా!” అన్నాడు.

ఈశ్వర్ గడ్డం గుండె మీదికి వాలి ఉంది. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

కబురందుకుని ఈశ్వర్ పెళ్లాం అమ్మడు పరిగెత్తుకొచ్చి నేల మీద పడింది. ఇంకా అప్పగింతలు కాలేదు. టెంట్‌హౌస్ యజమాని గణపతిరావు మిక్సర్ దగ్గరికి ఉరికాడు.

“కూర్మయ్యా, సౌండు పెంచీ. ఏడుపు పెళ్లికూతురి సెవిన పడకూడదు.”

ఆ పాట వేలి కిందే ఉంది. ఒక్క నొక్కు. ముప్పై ఏళ్లకు ఒకే ఒక్క నొక్కు.

వేలు దాన్ని దాటిపోయింది. సినిమా పాట వేసి మోత ఆఖరికి తిప్పాడు. అమ్మడు నోరు తెరిచే ఉంది, గొంతు మాత్రం వినబడలేదు. నలుగురు మనుషులు ఈశ్వర్‌ని చేపల ఆటోలో వేసుకుని సరుగుడు చెట్ల వెనక నుంచి తీసుకుపోయారు. కూర్మయ్య అప్పగింతలయ్యేదాకా మిక్సర్ వదల్లేదు.

సాయంత్రం కుర్చీలు ఎత్తడానికి వెనక్కి వెళ్లాడు. ఈశ్వర్ కూర్చున్న చోట ఇసుకలో రెండు ఐస్‌క్రీం పుల్లలు, బోర్లించిన కాగితం ప్లేటు. ప్లేటు వీపంతా దెబ్బలకు నలిగి, నడిమిన చిల్లి పడి ఉంది.