సొరుగులో అడ్డుపలక

నేను ఒక టేకు అడ్డుపలకను. ద్వారబంధం కోయగా మిగిలిన ముక్కను చిత్రిక పట్టి, విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో పక్షుల సొరుగు నడుమ నిలిపారు. నా కుడిప్రక్కన ఏటికి ఉత్తరపుటడవుల నల్లగొంతు పిట్టలు. ఎడమప్రక్కన దక్షిణపుటడవుల తెల్లగొంతు పిట్టలు. దూది కూరిన ఆ దేహాలు వెల్లకిలా శయనించి ఉంటాయి. వాటి కులగోత్రాలు సృష్టించిన పరమాత్మకు తెలుసు, తగవంతా మనుషులదే!

తెల్లగొంతును వేరే జాతిగా గుర్తించి పేరు పెట్టినవారు ఆచార్య భుజంగరావుగారు. ఆ పేరు నిలవడమే ఆయన జీవితఫలం. అందుకే రెంటినీ వేర్వేరు బీరువాలలో ఉంచి, ఒకదాని గాలి మరొకదానికి సోకనిచ్చేవారు కారు. ఆయన శిష్యురాలు కాత్యాయని మాత్రం రెండూ ఒకే జాతి అని పట్టుబట్టి, ఒకే సొరుగులోకి తెచ్చింది. తీర్పు తేలేదాకా నడుమ నేను. ఆమె గెలిస్తే నన్ను పీకేస్తారు. ఆయన గెలిస్తే పిట్టలే వెళ్ళిపోతాయి. ఎటు చూసినా నాకు పొయ్యిలో కట్టె యోగమే!

ఆ శాలలో ఒక ఆచారముంది. రెండు జాతులు ఒకటని తేలి అడ్డుపలక తీసేనాడు, పెళ్ళిలో తెర తీసినట్లే, అందరికీ జీలకర్రా బెల్లం పంచుతారు.

రెండు పిట్టలూ కలిసే ఏటి లంకకు వెళ్ళిన కాత్యాయని, ఒక మధ్యాహ్నం బురద చెప్పులతోనే పరుగున వచ్చింది.

“ఏమ్మా, తెర తీయిద్దామా?” నవ్వుతూనే అడిగారు భుజంగరావుగారు. చెయ్యి మాత్రం జేబు మీదికి పోయింది.

ఆమె నన్ను సగం పైకి లాగింది. అంతలోనే గాడిలోకి దించేసింది.

“భయపడ్డారు కదూ! నేనే ఓడాను సార్. ఒకే చెట్టు మీద వాలుతున్నాయి గానీ జత కట్టవు. నల్లదానికి నల్లదే, తెల్లదానికి తెల్లదే. కలగలుపు పిల్ల ఒక్కటీ లేదు!”

“అయితే నా బీరువాలు నాకిచ్చెయ్!”

“అదెలా సార్? గూడు అల్లిక ఒకటే. పాట బాణీ ఒకటే, చివరి విరుపే వేరు. ఒక తల్లి బిడ్డలే, ఏటికి చెరో ఒడ్డున కాపురం పెట్టారు. పొయ్యిలు వేరైతే పుట్టిల్లు వేరవుతుందా?”

ఆయన నాకు రెండుప్రక్కలా ఉన్న పిట్టలను మార్చి మార్చి చూశారు. ఒకే మూలాన పుట్టి, పొరుగు నేలలు పంచుకొని, వేర్వేరు జాతులుగానే నిలిచినవాటిని శాస్త్రజ్ఞులు సూపర్‌స్పీషీస్, అంటే మహాజాతి, అంటారు.

“మహాజాతి! నాకిన్నాళ్ళూ తట్టలేదే!” అంటూ పసివాడిలా చప్పట్లు కొట్టారు. “పలకా ఉంటుంది, సొరుగూ ఉంటుంది!”

తరువాత జేబులోంచి పొట్లం తీశారు. ఓటమికి సిద్ధపడి, జీలకర్రా బెల్లం ఆయనే తెచ్చుకొన్నారు! ఇద్దరూ తిన్నారు. చివరి బెల్లంపలుకు నా నెత్తిన అద్దారాయన.

“సార్, చీమలు పడతాయి!” అంటూ చున్నీతో తుడిచేసింది కాత్యాయని.

తెర తీయకుండానే బెల్లం పంచిన పెళ్ళి ఆ శాలలో అదొక్కటే. దానికి పెద్దను నేను.