పుత్తూరు కట్టు దాచిన దెబ్బలు

ప్రొబేషన్ ఆఫీసర్ జెరూషా మేడమ్ ఇంటికి వచ్చేసరికి బ్రహ్మచారి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నుదుట బొట్టు దిద్దుకుని సిద్ధంగా ఉన్నాడు. రాంగోపాల్‌పేట్‌లో నలభై ఏళ్లుగా తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగి, కుల సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడు. పెద్దమనిషి అనిపించుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కొడుకు విజయేందర్ జైల్లో ఉన్నా సరే, ఆ పెద్దరికానికి చిన్న మరక అంటకుండా చూసుకోవడమే ఆ ఉదయం ఆయన పని.

కూతురు ఊర్మిళ గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆమె సికింద్రాబాద్‌లోనే ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. ముందురోజు తల్లి విజయమ్మ ఫోన్ చేసి, "ప్రొబేషన్ ఆఫీసర్ వస్తదంట బిడ్డా. నువ్వు సుత రా. నాయన ఎట్ల చెప్తే గట్లనే చెప్పు" అంది. నాయన ఎట్లా చెబితే అట్లా చెప్పడం ఆ ఇంట్లో అక్షరాలకంటే ముందు నేర్పిన చదువు.

విజయేందర్ లిఫ్టు మెకానిక్. పోయిన ఏడాది యాప్రాల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో వంగి పని చేసుకుంటుంటే, తోటి మెకానిక్ హరికిషన్ వెనకనుంచి వచ్చి సరదాగా మెడ మీద ఒక్కటి చరిచాడు. విజయేందర్ చేతిలో పానా ఉంది. అది ఎప్పుడు లేచిందో, ఎన్నిసార్లు దిగిందో తనకే తెలియదన్నాడు తర్వాత. హరికిషన్‌కు ఎడమ కన్ను పోయింది. ఊర్మిళ చూడటానికి వెళ్తే అతని భార్య హిమజ, "మా ఆయన నవ్వుకుంట చెయ్యేసిండక్కా. గంతకే కన్ను తీస్తరా?" అని అడిగింది. తమ్ముడు చేసింది ఘోరం. దానికి వంకలు వెతికే ఉద్దేశం ఊర్మిళకు లేదు.

నేరం రుజువైంది. శిక్ష వేసేముందు అతని పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుని రిపోర్టు ఇమ్మని జడ్జి ప్రొబేషన్ ఆఫీసర్ జెరూషాకు అప్పగించారు. "చిన్నప్పటి దెబ్బల సంగతి అండ్ల లేకపోతే ఏడేండ్లు పడ్తది. ఉంటే జెర తగ్గిస్తరు, లోపల మంచి డాక్టర్‌కు చూపించమని సుత అడగొచ్చు. కాగితం ఏమన్న ఉన్నదా?" అని లాయర్ రాఘవేందర్ ఊర్మిళను అడిగాడు.

కాగితం ఎక్కడుంటుంది? ఆసుపత్రికి తీసుకెళ్తే కదా కాగితం. అక్కడైతే ఎట్లా విరిగిందని అడుగుతారు, పోలీసులకు రాస్తారు. బ్రహ్మచారి అంత తెలివితక్కువవాడు కాడు. కొడుకు చెయ్యి విరిగినప్పుడల్లా సందు చివర పుత్తూరు కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. వాడకట్టులో ఎవరికి ఎముక విరిగినా అక్కడికే పోయేవారు కనక అది ఎవరికీ వింతగా తోచలేదు. ఆయన ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, వారం తర్వాత మళ్లీ రమ్మనేవాడే గాని ఎట్లా విరిగిందని ఏనాడూ అడగలేదు. నాలుగేళ్లలో నాలుగుసార్లు, అదే చెయ్యి, అదే ఎముక. అయినా అడగలేదు. ఆయన మీదా, ఏడుపు వినిపిస్తే టీవీ సౌండు పెంచుకున్న పక్కింటివాళ్ల మీదా ఊర్మిళకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఏం తక్కువ చేసిన మేడమ్ వానికి?" అని బ్రహ్మచారి మొదలుపెట్టాడు. "తిండి పెట్టిన, సదివిచ్చిన. వాడు పుట్టుకతోనే మొండోడు. జెర భయం పెట్టినం. ఏ తండ్రి పెట్టడు?"

ఆ తిండి సంగతి ఊర్మిళకు తెలుసు. తప్పు చేసిన రోజు వాడికి అన్నం బంద్. చెక్క కొలత తప్పు చెబితే ఒక పూట, నిద్రలో పక్క తడిపితే రెండు పూటలు. కట్టెల గోదాంలో చెక్కపొట్టు మీద పడేసి బయట గొళ్లెం. విజయమ్మ అందరికీ వడ్డించి వాడి కంచం బోర్లించి పెట్టేది. ఆ తల్లే ఇప్పుడు ఆఫీసరుకు చాయ్, బిస్కెట్లు తెచ్చి పెట్టింది.

జెరూషా ఫైలు తిరగేసింది. "జైల్లో మీ అబ్బాయితో మాట్లాడాను. ఎడమ చెయ్యి కొంచెం వంకరగా ఉంది. ఏమైందంటే చిన్నప్పుడు మెట్ల మీదనుంచి పడ్డానన్నాడు."

"అవు మేడమ్. అన్నీ కోతి చేష్టలు. మెట్ల మీదికెళ్లి పడ్డడు."

"ఏ మెట్లు నాయనా?" అంది ఊర్మిళ.

అందరూ ఆమెవైపు తిరిగారు.

"అప్పుడు మనది రేకుల ఇల్లు. ఒక్కటే అర్ర. మెట్లు ఏడున్నయ్?"

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు బ్రహ్మచారి, గొంతు పెంచకుండానే. ఆ గొంతుకే ఇన్నేళ్లూ ఇల్లంతా వణికింది. ఊర్మిళ నోరు మాత్రం మూతపడలేదు.

"మేడమ్, నేను రోజుకు ఎన్నో చేతులకు ఎక్స్‌రే తీస్త. పిల్లలు పడితే చెయ్యి కింద ఆనిస్తరు, ఎక్కువగ మణికట్టు కాడ విరుగుతది. మా తమ్మునికి అక్కడ విరగలే. ఇగో, ఈ చిటికెనవేలు దిక్కు ఎముక, మోచేతికి మణికట్టుకు నడుమల. నెత్తి మీద దెబ్బ పడకుండ చెయ్యి అడ్డం పెట్టెటోళ్లకు విరిగేది ఇదే. కోర్సుల మా సార్ గిట్లాంటి ఫిల్మ్ చూపెట్టిన రోజు బయటికి ఉరికి కక్కుకున్న. కాగితం లేదంటున్నరు గదా, వాని చేతికి ఒక్క ఎక్స్‌రే తీయించుండ్రి. పాత అతుకులు అండ్లనే ఉంటయ్."

బ్రహ్మచారి లేచి నిలబడ్డాడు. "పెంచిన తండ్రిని గిట్ల బజార్ల నిలబెడ్తవా? నేనేం ఊకెనే కొట్టిన్నా? తప్పు చేస్తెనే కొట్టిన."

జెరూషా ఆ మాట కూడా రాసుకుంది. రాయడం అయ్యాక ఊర్మిళను అడిగింది. "కొడుతుంటే మీరు చూశారా?"

ఊర్మిళ ఇన్నేళ్లూ భయపడిన ప్రశ్న ఇదే. చూశానంటే సరిపోయేది. అది అబద్ధమూ కాదు.

"చూసుడు కాదు మేడమ్. కాళ్లు పట్టుకున్న. వాడు గుంజుకోకుండ నాయన నన్ను పట్టుకోమనేటోడు. పట్టుకోకపోతే చెక్క కొలిచే గజంబద్ద నా మీదికొస్తదని పట్టుకున్న. నాకు పదమూడు, వానికి తొమ్మిది. నా పేరుతోనే రాసుకోండ్రి."

"ఇంక ఈ గడప తొక్కకు" అన్నాడు బ్రహ్మచారి. విజయమ్మ చాయ్ కప్పులు ట్రేలోకి ఎత్తుకుంది. ఊర్మిళ చెప్పులేసుకుని బయటికి నడిచింది.

జడ్జి ఎక్స్‌రే తీయించారు. ఊర్మిళ చెప్పిన చోటే పాత అతుకులు కనిపించాయి. నాలుగేళ్ల శిక్ష పడింది, జైల్లో మానసిక వైద్యం అందించాలని కూడా రాశారు. పోలీసులు తీసుకెళ్తుంటే విజయేందర్ అక్క దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"ఎందుకు చెప్పినవక్కా? నేను పడ్డననే చెప్పిన గద. నాయన ఇజ్జత్ పాయె" అన్నాడు. కోపంగానే అన్నాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా జైలుకు రాని తండ్రి పరువు కోసం వాడు ఇంకా చెయ్యి అడ్డం పెడుతూనే ఉన్నాడు.

కోర్టు వరండాలో హరికిషన్ నల్లద్దాలు పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. హిమజ లేచి ఊర్మిళ దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుంది ఊర్మిళ. తిట్టినా పడాలని నిలబడింది.

"మీ తమ్మునికి నాలుగేండ్లు" అంది హిమజ. "మా ఆయనకు పానమున్నన్ని దినాలు. మరి మీ నాయనకెన్నేండ్లక్కా?"

ఈ ప్రశ్న ఊర్మిళ అప్పటికే రాఘవేందర్‌ను అడిగింది. పాతికేళ్ల కిందటి సంగతి, అప్పుడు ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఇప్పుడు చేసేదేమీ లేదన్నాడాయన.

"ఒక్క దినం సుత లేదు చెల్లే" అంది ఊర్మిళ.