తొలి బేరం టోపీ

“లోపలంతా బూజు పట్టి ఉంటే ఏం చేస్తామే?” మూట తాడు తెగకముందే అడిగింది పురీతా.

కూతురు లుర్దీన్ కత్తి పట్టుకుని నవ్వింది. “ఎలకలు కూడా ఉంటాయేమోనమ్మా. కాస్త వెనక్కి జరుగు.”

కొండ మీది ఊరు బాగియోలో ముసుర్లు మొదలయ్యేలోపు ఇంటికి కొత్త రేకులు వేయించాలని పందిపిల్లల్ని అమ్మారు. ఇంకాస్త పెంచుదామని ఆ డబ్బంతా ఈ పాతబట్టల మూట మీద పెట్టారు. ఏ దేశంలో ఎవరు తొడిగి విడిచారో తెలియని, కొండలెక్కేవాళ్ల వానకోట్లు. విప్పకుండానే కొనాలి, కొన్నాక వెనక్కి తీసుకోరు.

తాడు తెగింది. కోట్లు ఊపిరి పీల్చుకున్నట్టు పొంగాయి.

లుర్దీన్ మొదటిదాన్ని తిరగేసి, నీళ్లు దిగకుండా కుట్ల మీద అతికించిన పట్టీని గోటితో గీకింది. లోపలి పూత చుండ్రులా రాలింది. రెండోదీ అంతే. మూడోది ఎర్రది. లుర్దీన్ జిప్పు లాగి చూసి, చంకల దగ్గర వాసన చూసి, పక్కన పెట్టింది.

“ఏమైందే?”

“ఏం కాలేదు. అదే విశేషం. ఇలాంటివి పది తేలి, ధర పలికితే మన ఇంటికప్పు వచ్చేసినట్టే.”

గంట తిరక్కుండా పదకొండు తేలాయి. ధరే పలకాలి.

అప్పుడు వాళ్ల కొట్టుకొచ్చాడు పలాసి, కొండలెక్కేవాళ్లకు దారి చూపే మనిషి. ఎర్రకోటు పట్టుకుని, “నూటయాభై పెసోలు. తొలి బేరం, కాదనకూడదు,” అన్నాడు.

“పన్నెండు వందలన్నా,” అంది లుర్దీన్.

తొలి గిరాకీ ఒట్టి చేతులతో పోతే రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే. పురీతా కంగారులో చేతికందిన ఊలు టోపీ తీసి అతని నెత్తిన పెట్టేసింది. “ఇరవై ఇవ్వు నాయనా. ఇదే తొలి బేరం.” బేరాలు బాగా సాగాలని, అతనిచ్చిన నోటును కోట్లన్నిటి మీదా తట్టింది.

“ఇంక కోటుకు ఆ మాట చెల్లదన్నా,” అంది లుర్దీన్ నవ్వాపుకుంటూ.

“నీకంటే మీ అమ్మే గడుసుది,” అని గొణిగి, పలాసి తన సీసాలో నీళ్లు కోటు చేతి మీద ఒలకబోశాడు. చుక్కలు పూసల్లా నిలిచాయి. ఇప్పుడు ఇంకుతాయి, ఇరవై కూడా తిరిగి అడుగుతాడు అనుకుంటూ పురీతా నోటును గుప్పిట్లో మూసుకుంది. అతను చూస్తూనే ఉన్నాడు, ఒక్క చుక్కా ఇంకలేదు. కొట్టు పైని పట్టా మీద వాన మొదలైంది.

చాలాసేపటికి అతను జేబులో చెయ్యి పెట్టి, పన్నెండు వందలూ లెక్కపెట్టాడు.

“సంచీ వద్దు. తొడుక్కునే పోతా.”